మెదడు శాంపిళ్లకి రిఫరెన్స్ జీన్లు ఏరాలంటే: జీనార్మ్, నార్మ్‌ఫైండర్, బెస్ట్‌కీపర్, రెఫ్‌ఫైండర్‌లో దేన్ని నమ్మాలి?

ముందే చెప్పేస్తున్నా, ఈ నాలుగింటిలో ఒక్కటే ఉంచుకోమంటే నేను నార్మ్‌ఫైండర్ ఉంచుకుంటాను. రెఫ్‌ఫైండర్ లేకపోయినా పెద్దగా బెంగ లేదు. మిగతా రెండూ ఒక్కో పనికి మాత్రం పనికొస్తాయి, ఆ పనేంటో తెలిసి వాడితేనే. ఇది మెదడు కణజాలం మీద క్యూపీసీఆర్ (ఆర్‌ఎన్‌ఏ కొలిచి జీన్ ఎంత పని చేస్తోందో చెప్పే పద్ధతి) చేసేవాళ్ల కోసం రాస్తున్న రివ్యూ. ఆ కొలతకి కొలబద్దగా పెట్టుకునే, మారకూడని జీన్లే రిఫరెన్స్ జీన్లు; అవి నిజంగా కదలట్లేదా అని చూసే సాఫ్ట్‌వేర్లే ఈ నాలుగూ. ఒకే రకం కణాలు పెంచుకుని పని చేసేవాళ్లకి ఇంత తలనొప్పి ఉండదు.

అసలు ఈ సాఫ్ట్‌వేర్లతో పనేముంది, అందరూ జీఏపీడీహెచ్ వాడతారు కదా, మేమూ వాడాం అనేవాళ్లు ఇంకా ఉన్నారు. జీఏపీడీహెచ్ గ్లైకాలిసిస్‌లో (కణం చక్కెరని విరగ్గొట్టే దారిలో) ఎంజైమ్, ఆక్సిజన్ తగ్గితే హిఫ్-1 అనే ప్రోటీన్ దాన్ని పైకి లేపుతుంది. స్ట్రోక్ మోడల్లో ఒకవైపు రక్తప్రసారం ఆపి, ఆ వైపు మెదడుని రెండో వైపుతో పోల్చేటప్పుడు ఈ జీన్‌నే కొలబద్దగా పెట్టుకుంటే కొలవాల్సిన మార్పు కొలబద్దలోకే దూరిపోతుంది. లెక్క వేసి చూడండి: దెబ్బతిన్న వైపు రిఫరెన్స్ సీటీ (సిగ్నల్ కనిపించే సైకిల్ నంబరు, ఆర్‌ఎన్‌ఏ ఎక్కువుంటే ముందే వస్తుంది) అర సైకిల్ ముందుకి జరిగిందనుకుందాం, అంటే 1.41 రెట్లు పెరిగినట్టు. అప్పుడు అసలేమీ మారని మీ టార్గెట్ జీన్ దాదాపు 30 శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. దానికి పీ వాల్యూ కూడా చక్కగా వస్తుంది, దాని మీద డిస్కషన్లో రెండు పేరాలు కూడా రాసేస్తారు.

బీ2ఎం సంగతీ అంతే. అది ఎంహెచ్‌సీ క్లాస్-1 అనే రోగనిరోధక ప్రోటీన్‌లో భాగం, ఇంటర్‌ఫెరాన్ తగిలితే పెరుగుతుంది, మెదడులో ఇన్‌ఫ్లమేషన్ చూసేవాళ్లు దాన్ని రిఫరెన్స్‌గా పెట్టుకోవడం ఏం ధైర్యమో నాకు తెలీదు. 18ఎస్ అయితే రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ, మొత్తం ఆర్‌ఎన్‌ఏలో సింహభాగం రైబోజోమ్‌దే కాబట్టి సీటీ మరీ ముందే వచ్చేస్తుంది, పైగా దానికి పాలీ-ఏ తోక ఉండదు, మీరు సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏ నుంచి చేసుకునే డీఎన్‌ఏ నకలు) ఆ తోకనే పట్టుకునే ఓలిగో-డీటీతో చేస్తే ఆ సంఖ్యకి అర్థమే లేదు.

ఇక సాఫ్ట్‌వేర్ల దగ్గరికొద్దాం. జీనార్మ్ 2002లో ఘెంట్ యూనివర్సిటీ నుంచి వాండెసోంపెలె బృందం తెచ్చింది. ఒక్క జీన్ మీద ఆధారపడొద్దు, రెండు మూడు జీన్ల జియోమెట్రిక్ మీన్ తీసుకోండి అనే అలవాటు జనంలోకి గట్టిగా వెళ్లింది దీంతోనే, ఆ క్రెడిట్ ఇవ్వాల్సిందే. ఇది చేసేది సింపుల్: రెండు జీన్ల మధ్య నిష్పత్తి శాంపిల్ శాంపిల్‌కి ఎంత ఊగుతుందో చూస్తుంది, ఒక్కో జీన్‌ని మిగతా అన్నిటితో అలా పోల్చి సగటు తీసి ఎం వాల్యూ ఇస్తుంది, అందరికంటే ఎక్కువ ఊగేదాన్ని తీసేసి మళ్లీ మొదట్నుంచి లెక్క వేస్తుంది. గ్రాఫ్ గమనించండి: ఎడమ నుంచి కుడికి గీత దిగుతూ వచ్చి చివర్లో రెండు జీన్లు ఒకే చుక్క మీద ఆగుతాయి. ఆ రెండిట్లో ఏది మెరుగో అది చెప్పదు, చెప్పలేదు కూడా, ఎందుకంటే మిగిలింది ఒక్క నిష్పత్తే.

అసలు చిక్కు అక్కడే ఉంది. కలిసి పెరిగి కలిసి తగ్గే రెండు జీన్లు లిస్టులో ఉంటే వాటి నిష్పత్తి కదలదు, కాబట్టి జీనార్మ్ వాటికే కిరీటం పెడుతుంది. ఇద్దరు దొంగలు ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకున్నట్టే. మీ లిస్టులో ఆర్‌పీఎల్13ఏతో పాటు ఇంకో రైబోజోమ్ ప్రోటీన్ జీన్ కూడా పెట్టి, ఆ రెండే టాప్‌లో వచ్చాయని సంబరపడితే తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. మరి దీన్నెందుకు ఉంచుకోవాలంటే, వీ వాల్యూ కోసం. రెండు జీన్లు చాలా, మూడోది కలపాలా అనేది వీ2/3 (మూడో జీన్ కలిపితే లెక్క ఎంత మారుతుందో చెప్పే సంఖ్య) చూసి తేల్చుకోవచ్చు, 0.15 కన్నా తక్కువుంటే రెండు చాలు. ఆ 0.15ని మరీ గీత గీసినట్టు పాటించక్కర్లేదని జీనార్మ్ వాళ్లే చెప్పారు, అయినా 0.17 వచ్చిందని కంగారుపడి జీన్ల మీద జీన్లు కలిపేవాళ్లని చూస్తుంటాం.

నార్మ్‌ఫైండర్ 2004లో డెన్మార్క్‌లోని ఆర్హస్ నుంచి వచ్చింది, ముందు పెద్దపేగు, మూత్రాశయ క్యాన్సర్ శాంపిళ్ల మీద చూపించారు. నాకు ఇది నచ్చడానికి కారణం ఒక్కటే: గ్రూపులేవో దీనికి చెప్పొచ్చు. కంట్రోల్ ఎవరు, జబ్బు ఎవరు అని చివరి వరుసలో నంబర్లు ఇస్తే, ఒక జీన్ గ్రూపు లోపల ఎంత ఊగుతోంది, గ్రూపుల మధ్య ఎంత జరిగింది అనేవి విడివిడిగా చూసి రెండూ కలిపి స్టెబిలిటీ వాల్యూ ఇస్తుంది, మంచి జతని కూడా సూచిస్తుంది. మనకి భయం రెండో దాని గురించే కదా. గ్రూపు లోపల కొంచెం చెదిరినా రెప్లికేట్లు పెంచి సర్దుకోవచ్చు, గ్రూపుల మధ్య జరిగితే మాత్రం ఫలితమే తారుమారు. ఒక చిన్న జాగ్రత్త: ఎక్సెల్ వెర్షన్‌లో సీటీలు నేరుగా పెట్టకండి, ముందు ఎఫిషియెన్సీతో (ఒక్కో సైకిల్‌కి నిజంగా ఎన్ని రెట్లు పెరుగుతోందో ఆ లెక్కతో) క్వాంటిటీలుగా మార్చుకుని పెట్టండి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. గ్రూపుకి కనీసం 8 శాంపిళ్లు, 5 నుంచి 10 జీన్లు ఉంటే మంచిదని దాన్ని చేసినవాళ్ల సలహా, మెదడు మీద జంతువులతో చేసే పనుల్లో గ్రూపుకి ఐదో ఆరో దొరకడమే గగనం. ఇంకా పెద్ద విషయం, మీరిచ్చిన జీన్లన్నిటి సగటు గ్రూపుల మధ్య మారలేదని ఇది నమ్మి మొదలవుతుంది. ఎక్కువ జీన్లు ఒకే దిక్కుకి జరిగితే ఇదీ మోసపోతుంది, పైగా నిజంగా కదలనిదాన్నే దోషిగా చూపిస్తుంది.

మెదడులో అలా జరిగే అవకాశం బాగా ఉంది. హంటింగ్టన్స్‌లో స్ట్రియేటమ్, అల్జైమర్స్‌లో హిప్పోక్యాంపస్ తీసుకోండి, న్యూరాన్లు చచ్చిపోతాయి, వాటి చోట ఆస్ట్రోసైట్లు, మైక్రోగ్లియా చెలరేగుతాయి. ఒక్క కణంలో కూడా జీన్ మారకపోయినా, న్యూరాన్లలో ఎక్కువుండే జీన్ టిష్యూ మొత్తం మీద తగ్గినట్టే కనిపిస్తుంది. అసలు మెదడు అని ఒకే టిష్యూ లెక్కన మాట్లాడడమే తప్పు: మనిషి మెదడులో ఉన్న సుమారు 8,600 కోట్ల న్యూరాన్లలో 6,900 కోట్లు చిన్నమెదడులోనే ఉన్నాయి. కార్టెక్స్‌లో నిగ్గుతేల్చిన జీన్లని చిన్నమెదడుకి అలాగే వాడేస్తానంటే కుదరదు. డిసెక్షన్‌లో తెల్ల పదార్థం కొంచెం ఎక్కువ తక్కువైనా లెక్క మారుతుంది, ఆ తేడాని ఏ సాఫ్ట్‌వేరూ పట్టి ఇవ్వదు.

జీన్లన్నీ కలిసి ఒకే దిక్కుకి జరిగే ఆ చిక్కు దగ్గరే బెస్ట్‌కీపర్ పనికొస్తుంది, చాలామంది దీన్ని పాతబడిందని పక్కన పెడతారు గానీ. 2004లో వచ్చిన ఈ ఎక్సెల్ షీట్ మిగతావాటిలా పోలికలతో మొదలుపెట్టదు, ముందు సీటీలని ఉన్నవున్నట్టు తీసుకుని స్టాండర్డ్ డీవియేషన్ చూపిస్తుంది, 1 దాటిన జీన్‌ని అనుమానించమంటుంది. అన్ని శాంపిళ్లకీ ఒకే మొత్తం ఆర్‌ఎన్‌ఏ వేసి సీడీఎన్‌ఏ చేసుంటే, జీన్లన్నీ కూడబలుక్కుని ఒకవైపుకి జరిగిన సంగతి ఇందులోనే బయటపడుతుంది. చనిపోయాక తీసిన మనిషి మెదడు శాంపిళ్లకి ఇది మరీ ముఖ్యం, అక్కడ చివరి గంటల్లో పడ్డ అవస్థ, టిష్యూ పీహెచ్, ఆర్‌ఐఎన్ (ఆర్‌ఎన్‌ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందో చెప్పే స్కోరు) అన్నీ సీటీని లాగుతాయి. సీటీల పక్కన పీహెచ్, ఆర్‌ఐఎన్ కాలమ్స్ పెట్టి గ్రాఫ్ గీస్తే సగం ప్రశ్నలకి జవాబు కళ్ల ముందుంటుంది. పేరున్న పేపర్లలో కూడా ఆ గ్రాఫ్ కనపడకపోతే నాకు చిరాకేస్తుంది.

రెఫ్‌ఫైండర్ గురించి రెండు ముక్కలు. సీటీలు పేస్ట్ చేస్తే జీనార్మ్, నార్మ్‌ఫైండర్, బెస్ట్‌కీపర్, డెల్టా-సీటీ (జీన్లని జతల్లో పోల్చే ఇంకో పద్ధతి) నాలుగూ నడిపి ర్యాంకులు కలిపి ఒకే లిస్టు ఇస్తుంది, అంత సుఖం ఇంకెక్కడా లేదు. కానీ ప్రైమర్లన్నీ (కొలవాల్సిన జీన్‌ని పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) 100 శాతం ఎఫిషియెన్సీతో పని చేస్తున్నాయని అనుకుంటుంది, గ్రూపులు చెప్పడానికి చోటే లేదు, అంటే నార్మ్‌ఫైండర్‌లో అసలైన బలాన్ని తీసి పక్కన పడేసి దాని ర్యాంకు మాత్రం వాడుకుంటోంది. ఒకే డేటాని దాదాపు ఒకే కోణంలో చూసే పద్ధతుల ర్యాంకులకి జియోమెట్రిక్ మీన్ తీస్తే కొత్తగా తెలిసేదేమీ లేదు. మొదటి చూపుకి సరే, పేపర్లో ఇదొక్కటే పెట్టి ఊరుకుంటే రివ్యూయర్ అడుగుతాడు, అడగాలి కూడా.

రెడీమేడ్ ప్యానెళ్ల గురించి కూడా అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా. ఒక కంపెనీ ప్లేటు తెప్పించాం, పేరు అనవసరం. ప్రైమర్లు ముందే ఎండబెట్టి ఉంటాయి, సీడీఎన్‌ఏ, మిక్స్ కలిపి వేసేయడమే, పని తొందరగానే అవుతుంది. ఎఫిషియెన్సీ గ్యారంటీ అని షీటులో రాశారు. మా కార్టెక్స్ సీడీఎన్‌ఏని పలుచన చేస్తూ స్టాండర్డ్ కర్వ్ గీస్తే ఒక జీన్‌కి స్లోప్ -3.9 వచ్చింది, అంటే 80 శాతమే, ఉండాల్సింది -3.3 దగ్గర. ప్రైమర్ సీక్వెన్స్ అడిగితే ఇవ్వం అన్నారు, కనీసం యాంప్లికాన్ (ప్రైమర్లు పెంచే ముక్క) చుట్టూ ఉండే సీక్వెన్స్ అయినా ఇవ్వండి, క్యూపీసీఆర్ పేపర్లలో ఏమేం రాయాలో చెప్పే 2009 నాటి ఎంఐక్యూఈ గైడ్‌లైన్స్ వివరాలు బయటపెట్టమంటున్నాయి అంటే, మెయిల్ మీద మెయిల్ తప్ప సమాధానం లేదు. బీటా-యాక్టిన్‌కీ జీఏపీడీహెచ్‌కీ జీనోమ్‌లో ఇంట్రాన్లు లేని సూడోజీన్లు (పనిచేయని జీన్ నకళ్లు) బోలెడు, ప్రైమర్ ఎక్కడ కూర్చుందో తెలియకపోతే డీఎన్‌ఏ కలిసిందో లేదో నో-ఆర్‌టీ కంట్రోల్‌తో (ఆర్‌ఎన్‌ఏని సీడీఎన్‌ఏగా మార్చే ఎంజైమ్ వేయకుండా నడిపేదానితో) తప్ప తేల్చలేం. ఆ కంట్రోల్‌కి ఆ ప్లేటులో చోటు లేదు.

అందుకే మెదడు పనికి నేనైతే ప్రైమర్లు విడిగా ఆర్డర్ చేసుకోమంటాను. లిస్టులో వైడబ్ల్యూహెచ్‌ఏజెడ్, యూబీసీ, సీవైసీ1, హెచ్‌పీఆర్‌టీ1, టీబీపీ, ఎస్‌డీహెచ్‌ఏ, ఆర్‌పీఎల్13ఏ ఉండనివ్వండి, చాలావరకు ఒక్కోటి ఒక్కో దారిలో పని చేస్తుంది కాబట్టి కూడబలుక్కునే ప్రమాదం తక్కువ. మైటోకాండ్రియా దెబ్బతినే మోడల్ అయితే ఎస్‌డీహెచ్‌ఏ, సీవైసీ1 రెండింటినీ అనుమానంగా చూడండి. టీబీపీ తక్కువగా ఉంటుంది, సీటీ ఆలస్యంగా వస్తుంది, మీ టార్గెట్ కూడా తక్కువ స్థాయిదైతే అదే నయం. ప్లేటు వేసేటప్పుడు ఒక జీన్‌కి శాంపిళ్లన్నీ ఒకే ప్లేటులో వచ్చేలా వేయండి, కంట్రోల్స్ ఒక రోజు, జబ్బువి ఇంకో రోజు నడిపారంటే నార్మ్‌ఫైండర్ చూపించే గ్రూపు తేడా మెదడుది కాదు, ప్లేటుది.