కార్డు మీద ఆపరేషన్ అంటూనే ‘తేడా డబ్బు’ అడుగుతున్నారు, జాగ్రత్త

ఒడిశాలో రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు ఉన్న మన తెలుగువాళ్ళు ఇది తప్పకుండా చదవండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే మరీను.

ఈమధ్య మా అమ్మ జారిపడి తొడ ఎముక విరిగింది. ఆయుష్మాన్ కార్డు తీసుకునే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. చేర్చేటప్పుడు ‘అంతా కార్డులోనే, మీరు రూపాయి కట్టక్కర్లేదు’ అన్నారు. తెల్లారితే ఆపరేషన్ అనగా రాత్రి మాట మారింది. కౌంటర్ అబ్బాయి మా చిన్నాన్నని పక్కకి పిలిచి, ‘కార్డులో వచ్చేది స్టీలు రాడ్డు బాబాయ్, లోపల తుప్పు పట్టేస్తుంది. టైటానియం వేయిద్దాం, తేడా నలభై వేలు మీరు కట్టుకోండి’ అన్నాడు. మంచం మీద మనిషి నొప్పితో మూలుగుతుంటే ఎవరు బేరమాడతారు? చిన్నాన్న అప్పు తెచ్చి కట్టేశారు.

డబ్బుతో పాటు ఒక కాగితం మీద సంతకం కూడా తీసుకున్నారు. అది ఒడియాలో ఉంది. చిన్నాన్న ఒడియా గలగలా మాట్లాడతారు కానీ చదవడం రాదు. మన పెద్దవాళ్ళలో చాలామంది అంతే కదా. తర్వాత పక్కింటి కుర్రాడు చదివి చెప్పాడు: ‘ప్యాకేజీలో లేని వస్తువు మా ఇష్టప్రకారం కోరుకున్నాం’ అని ఉందట. కట్టిన డబ్బుకి ఇచ్చింది తెల్ల చీటీ. ఆసుపత్రి పేరు లేదు, జీఎస్టీ నంబరు లేదు, ‘సామాను 40,000’ అని పెన్నుతో రాసి ఉంది. డిశ్చార్జి కాగితాల్లో టైటానియం మాటే లేదు. కార్డులోంచి మాత్రం ఆపరేషన్ ప్యాకేజీ డబ్బు మొత్తం పోయింది. ఒకే రాడ్డుకి ప్రభుత్వం దగ్గరా తీసుకున్నారు, మా దగ్గరా తీసుకున్నారు.

ఇంకో ఎముకల డాక్టరుని అడిగాం. ఆపరేషన్‌కి వాడే స్టీలు వేరే రకమనీ, ఎన్నో ఏళ్ళుగా దాంతోనే ఎముకలు కడుతున్నారనీ చెప్పారు. తుప్పు మాట వట్టి బెదిరింపు.

అసలు నియమం ఏంటంటే, ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి నడుస్తున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకి అదనంగా ఇంకో 5 లక్షలు. ఒక ఆపరేషన్‌కి ప్యాకేజీ అంటే పరీక్షలు, మందులు, లోపల వేసే రాడ్డు, మంచం, తిండి అన్నీ అందులోనివే. డిశ్చార్జి అయ్యాక 15 రోజుల మందులూ అందులోనే. వాటికి మళ్ళీ మన దగ్గర డబ్బు తీసుకోకూడదు. కంటి ఆపరేషన్‌లో ‘మంచి లెన్సు’ అన్నా ఇదే ఎత్తు.

అందుకని ఎవరైనా ‘తేడా కట్టండి’ అంటే, ముందు ఏ ప్యాకేజీకి అప్రూవల్ వచ్చిందో కాగితం చూపించమనండి. డబ్బు తీసుకుంటామంటే ఆసుపత్రి పేరుతో, వస్తువు పేరుతో బిల్లు ఇమ్మనండి. బిల్లు మాట ఎత్తగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. రాడ్డు, ప్లేటు, స్టెంటు లాంటి వాటి డబ్బా మీద కంపెనీ పేరు, లాట్ నంబరుతో స్టిక్కరు ఉంటుంది. దాన్ని కేసు షీట్‌లో అంటించి మనకో కాపీ ఇమ్మని గట్టిగా అడగండి. చదవలేని కాగితం ఏ భాషలో ఉన్నా, ఫోన్‌లో ఫోటో తీసి చదివేవాళ్ళకి పంపాకే సంతకం.

వైద్యానికి శ్రీకాకుళం, విశాఖ వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట. ఆంధ్ర ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) ఆ రాష్ట్రం వాళ్ళకే. మనకి పనికొచ్చేది ఆయుష్మాన్ కార్డు, అదీ ఆ పథకంలో చేరిన ఆసుపత్రిలోనే. ఫోన్ చేసి కనుక్కున్నాకే బండెక్కండి.

మేం ఆయుష్మాన్ హెల్ప్‌లైన్ 14555కి ఫిర్యాదు ఇచ్చాం, తెల్ల చీటీ ఫోటో, డిశ్చార్జి కాగితాలు దగ్గర పెట్టుకున్నాం. మీలో ఎవరైనా ఇలా కట్టి ఉంటే ఆ చీటీ పారేయకండి, మీరూ ఫిర్యాదు ఇవ్వండి.