గ్లాస్గోలో బ్యాగ్‌పైప్ క్లాసు: గురువు బంగారం, బస దండగ

స్కాట్లండ్‌లోని గ్లాస్గో వెళ్ళి బ్యాగ్‌పైప్, అంటే తిత్తిలో గాలి నింపి వాయించే అక్కడి వాయిద్యం, నేర్చుకోవాలని ఎవరికైనా ఉంటే ముందు బస సంగతి తేల్చుకోండి, ఫీజు ఆ తర్వాత కట్టండి. మాకు ఒళ్ళు మండింది అక్కడే.

మేముండేది బర్మింగ్‌హామ్‌లో. అసలేమీ రాని పెద్దవాళ్ళకి ఆగస్టులో వారం రోజుల వేసవి కోర్సు ఉందని తెలిసి చేరాను. ఫీజు 295 పౌండ్లు. రాజమండ్రి నుంచి అమ్మ వచ్చి ఉంది, మా వారికీ సెలవు దొరికింది. ముగ్గురం బయల్దేరాం. రైలు ప్రయాణం హాయిగా సాగిపోయింది.

ఫ్లాట్ రాత్రికి 124 పౌండ్లు. "సంగీతం నేర్చుకునేవాళ్ళకి అనువైన ఇల్లు, పూర్తి వంటగది" అని ప్రకటనలో ఉంది. అయినా డబ్బు కట్టేముందు మెసేజ్ పెట్టి అడిగాను, సాయంత్రం ఒక గంట ప్రాక్టీస్ చేసుకోవచ్చా అని. తప్పకుండా చేసుకోండి అని ఓనరు జవాబిచ్చాడు. తీరా వెళ్తే మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. అవి ఎర్ర రాతితో కట్టిన పాతకాలపు ఇళ్ళు, చూడ్డానికి బాగుంటాయి, మెట్లు మాత్రం నిలువుగా ఉంటాయి. అమ్మకి మోకాళ్ళ నొప్పి. రెండో అంతస్తు దగ్గర కూర్చుండిపోయి, "ఈ మెట్లు రోజుకి ఒక్కసారే దిగుతానే, మళ్ళీ అడక్కు" అంది. పూర్తి వంటగది అంటే మైక్రోవేవ్, కెటిల్, పిడి ఊడిపోయిన ఒక పెనం. అమ్మ చారు పెట్టుకోవడానికి గిన్నె కూడా లేదు. 14 పౌండ్లు పెట్టి కొన్నాం.

మర్నాడు సాయంత్రం ఆరున్నరకి ప్రాక్టీస్ చాంటర్ తీశాను. ఇది అసలు బ్యాగ్‌పైప్ కాదు. తిత్తి ఉండదు, శ్రుతి గొట్టాలుండవు, ఒట్టి పిల్లనగోవి లాంటి గొట్టంలో ఒక రీడ్, అంటే గాలికి అదిరి స్వరం పలికే సన్నని రేకు, ఉంటుంది. పక్క గదిలో టీవీ పెట్టినంత చప్పుడు కూడా రాదు. పది నిమిషాలయిందో లేదో ఓనరు నుంచి మెసేజ్: పక్కవాళ్ళు ఫిర్యాదు చేశారు, మళ్ళీ వినపడితే డిపాజిట్‌లోంచి 75 పౌండ్లు కోస్తాను. ఆయన ఇచ్చిన జవాబునే ఆయనకి తిప్పి పంపాను. "సంగీతం అంటే గిటార్ అనుకున్నాను" అన్నాడు. గ్లాస్గోలో, బ్యాగ్‌పైప్ వాయించే పైపర్లు ప్రపంచం నలుమూలల నుంచి వచ్చే ఆగస్టు నెలలో, గిటార్ అనుకున్నాడట! ఆ తర్వాత మేం ఫ్లాట్‌లో చాంటర్ ముట్టుకోకపోయినా, ఖాళీ చేశాక 75 పౌండ్లు పట్టుకున్నాడు. మెసేజ్‌లన్నీ జతచేసి బుకింగ్ సైటుకి ఫిర్యాదు పెడితే 50 వెనక్కి వచ్చాయి. మిగతా 25 కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాను. మా క్లాసులో ఇద్దరు యూనివర్సిటీ హాస్టల్ గదుల్లో దిగారు, రాత్రికి 52 పౌండ్లు. వేసవిలో అవి బయటివాళ్ళకి అద్దెకిస్తారు. వాళ్ళు కామన్ రూమ్‌లో కూర్చుని తొమ్మిదింటి దాకా వాయించుకున్నారు. మీరు కూడా అవే చూసుకోండి.

గొడవ పెంచకు అంటూ మా వారు రెండు రోజులు ముభావంగా ఉన్నారు. కానీ దారి చూపించింది ఆయనే. కెల్విన్‌గ్రోవ్ పార్కులో నదికి దగ్గరగా, జనం తక్కువ తిరిగే చోట ఒక బెంచీ వెతికి పెట్టారు. వాన పడితే పక్కనే కెల్విన్‌గ్రోవ్ మ్యూజియం, లోపలికి టికెట్ లేదు. మధ్యాహ్నం ఒంటి గంటకి అక్కడి పెద్ద ఆర్గన్ వాయిస్తారు, అమ్మ దానికోసమే మెట్లు దిగింది. ఆ బెంచీ మీద నేను వాయిస్తుంటే కుక్కని తిప్పుతున్న ఒక పెద్దాయన ఆగి, "డి స్వరం పలికేటప్పుడు చిటికెన వేలు కిందే ఉండాలి, తేలిపోతోంది" అని చెప్పి వెళ్ళాడు. చూసుకుంటే నిజమే. ఆ ఊళ్ళో తెలిసిన చెవులు అన్ని చోట్లా ఉంటాయి.

ఇక క్లాసు. ఫీజులో ప్రతి పౌండుకీ విలువ ఉంది. మా గురువుగారు మొదటి రోజే చెప్పేశారు: వారంలో మీకు బ్యాగ్‌పైప్ రాదు, చాంటర్ మీద వేళ్ళు కుదురుకోవడానికే నెలలు పడుతుంది, ఇక్కడ సరైన అలవాటు మాత్రం పడుతుంది. ఇంత నిజాయితీగా చెప్పే చోటే చేరండి.

చాంటర్‌కి తొమ్మిది స్వరాలే. వేళ్ళ కొసలతో కాదు, కణుపుల మధ్య చదునైన భాగంతో రంధ్రాలు మూయాలి. అసలు కష్టం ఏమిటంటే, గాలి ఆగదు. సన్నాయిలో అయితే నాలుకతో స్వరాన్ని తుంచుతాం. బ్యాగ్‌పైప్‌లో రీడ్ నోట్లో ఉండదు, తిత్తి గాలి ఎడతెగకుండా వస్తూనే ఉంటుంది. ఒకే స్వరం రెండుసార్లు పలకాలంటే మధ్యలో ఇంకో వేలు తటాల్న ఎత్తి దించాలి, దాన్నే గ్రేస్‌నోట్ అంటారు. శబ్దం పెంచడం, తగ్గించడం అనేవి లేవు కాబట్టి పాటకి ప్రాణమంతా ఆ వేలి విదిలింపులోనే ఉంది. ఎడమ చూపుడు వేలు ఎత్తి దించే ఆ ఒక్క పనినే గురువుగారు ఒక పూటంతా చేయించారు. ఆయన వేలు కదిలినట్టే కనబడదు, స్వరం మాత్రం రెండుగా తెగుతుంది.

చివరి రోజు తిత్తి చేతికిచ్చారు. శ్రుతి గొట్టాలు బిరడాలతో మూసేసి, నీళ్ళు పోసిన పారదర్శకమైన గొట్టాన్ని తిత్తికి తగిలించారు. గాలి ఒత్తిడి ఎంతో నీటిమట్టం చెప్పేస్తుంది. ఊదేటప్పుడు చేయి వదులు చేయాలి, ఊపిరి పీల్చుకునేటప్పుడు మోచేత్తో తిత్తిని నొక్కాలి, ఒత్తిడి మారకూడదు. గురువుగారు ఊదితే నీళ్ళు ముప్పై అంగుళాల దగ్గర కదలకుండా నిలబడ్డాయి. మా అందరికీ ఎగిరెగిరి పడ్డాయి.

అమ్మ సంగతి చెప్పాలి. బెంచీ మీద నేను స్వరాలు వరసగా వాయిస్తుంటే తనూ కూనిరాగం తీసి, "హరికాంభోజి రాగం కదే ఇది!" అంది. చాంటర్‌లో లో-ఎ అనే స్వరాన్ని షడ్జం అనుకుంటే అచ్చంగా అంతే, చివర కైశికి నిషాదంతో సహా. మర్నాడు గురువుగారికి చెబితే భోజనాల వేళ అమ్మని పిలిపించి, తన బ్యాగ్‌పైప్‌లో శ్రుతి గొట్టాలు మాత్రం మోగించారు. రెండు గొట్టాలు షడ్జం కింద స్థాయిలో, మూడోది ఇంకా కింద స్థాయిలో. పంచమం లేదు. మన లెక్కలో శ్రుతి ఆరున్నర కంటే కాస్త పైనే, అమ్మ గొంతుకి ఎక్కువే. అయినా హరికాంభోజి ఆరోహణ, అవరోహణ నిదానంగా పాడింది. క్లాసంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మన జానపద కథకులు కూడా శ్రుతికి మేకతోలు తిత్తి పట్టేవారని అమ్మ చెబితే గురువుగారు పుస్తకంలో రాసుకున్నారు. ఆ పూట నుంచి అమ్మ మెట్ల ఊసు ఎత్తలేదు.

కొనే విషయంలో జాగ్రత్త. చాంటర్ 68 పౌండ్లకి మంచిదే వస్తుంది. ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ అనే చెక్కతో చేసిన అసలు బ్యాగ్‌పైపులు కొత్తవైతే వెయ్యి పౌండ్లు దాటతాయి. మాతో చదివిన ఒకావిడ జ్ఞాపికల దుకాణంలో 140 పౌండ్లకి పూర్తి సెట్టు కొనుక్కొచ్చింది. గురువుగారు ఎంత ప్రయత్నించినా దాంట్లో రీడ్ సరిగ్గా కూర్చోలేదు, గాలి ప్రతి కీలు దగ్గరా పోతోంది. పాపం, ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అలంకారానికి చేసిన సరుకుని వాయిద్యమని అమ్మడం అన్యాయం. గురువుగారు చూసి సరే అన్నాకే డబ్బు తీయండి.

తిండికి శాకాహారులు బెంగపడక్కర్లేదు. హగ్గిస్ అక్కడి మాంసం వంటకం, కానీ ఓట్స్, పప్పులతో చేసే శాకాహార హగ్గిస్ కూడా చాలాచోట్ల దొరుకుతుంది. మేం తిన్నచోట ప్లేటు 13.50 పౌండ్లు. పప్పు ఎక్కువ పడ్డ ఉప్మాకి మిరియాలు దట్టించినట్టుంది. మా వారు రెండోసారి తెప్పించుకున్నారు.

కోర్సు అయ్యాక శనివారం గ్లాస్గో గ్రీన్ పార్కులో ప్రపంచ పైప్ బ్యాండ్ పోటీలకి, అంటే బ్యాగ్‌పైపులు, డ్రమ్ములు కలిపి వాయించే బృందాల పోటీలకి, వెళ్ళాం. 1986 నుంచి ఇవి గ్లాస్గోలోనే జరుగుతున్నాయి. ఆ వారం గదుల అద్దెలు పైకి పోతాయి, నెలల ముందే బుక్ చేసుకోవాలి. ప్రధాన వేదిక దగ్గర చోటు కోసం తోసుకోకండి. బ్యాండ్లు శ్రుతి చూసుకునే మైదానానికి వెళ్ళండి. పెద్ద పెద్ద బ్యాండ్లు అక్కడ వలయంగా నిలబడి వాయించుకుంటుంటే పది అడుగుల దూరంలో నిలబడి వినొచ్చు. ఒక్కొక్క పైపర్ దగ్గరికీ నాయకుడు వెళ్ళి గొట్టం కాస్త పైకి, కాస్త కిందికి జరిపి, అందరి శ్రుతీ ఒక్కటయ్యేదాకా వదలడు. మా వారు సాయంత్రం దాకా అక్కణ్ణుంచి కదల్లేదు. గొడుగు వద్దు, వెనకవాళ్ళకి అడ్డం. టోపీ ఉన్న రెయిన్‌కోటు, మడిచే కుర్చీ పట్టుకెళ్ళండి.