తెల్లారుజామున 4:30 కి లేవడమా, 6 కి లేచి రాత్రే సగం పని చేసుకోవడమా... ఏది మేలు?

మా పాప స్కూల్ బస్సు 7:20 కి సందు చివరికొస్తుంది, రెండు నిమిషాలకి మించి ఆగదు. మా ఇంట్లో పొద్దునంతా ఈ 7:20 చుట్టూనే తిరుగుతుంది. రెండేళ్ళలో నేను మూడు రకాలుగా చేసి చూశా. మొదట్లో 6:40 దాకా పడుకునేదాన్ని, తర్వాత కొన్నాళ్ళు 4:30 కి లేచా, ఇప్పుడు 6 కి లేస్తున్నా. ఇంట్లో చిన్నపిల్లలుండి ఆఫీసుకి కూడా వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని ఏది ఎలా ఉందో రాస్తున్నా.

6:40 గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నిద్ర సరిపోయేది, ఆ ఒక్కటే లాభం. లేచాక మత్తు దిగడానికి ఎవరికైనా పావుగంట, అరగంట పడుతుంది కదా, సరిగ్గా ఆ టైంలోనే జడ వేయాలి, బాక్సు కట్టాలి, రెండో సాక్సు ఎక్కడుందో వెతకాలి. అరుపులన్నీ అప్పుడే వచ్చేవి. పాప ఏడుస్తూ బస్సెక్కిన రోజున నాకు సాయంత్రం దాకా మనసు పీకుతూనే ఉండేది.

అందుకే 4:30 మొదలుపెట్టా. నిజం చెప్పాలంటే మొదటి పదిరోజులు చాలా బాగుంది, ఇల్లంతా నిశ్శబ్దం, పాలప్యాకెట్ల అబ్బాయి ఇంకా రాలేదు, ఒక్కదాన్నే కూర్చుని వేడి కాఫీ వేడిగానే తాగడం అనేది పెళ్ళయ్యాక నాకు దాదాపు కొత్త. కానీ రాత్రి పడుకునేది మాత్రం 11 కే. 11 నుంచి 4:30 అంటే ఐదున్నర గంటలు, పెద్దవాళ్ళకి కనీసం 7 గంటలుండాలని డాక్టర్లందరూ చెప్పేదే. మూడో వారానికి మధ్యాహ్నం 3 అయితే సిస్టం ముందు తల వాలిపోవడం, తలనొప్పి, ఇంటికొచ్చాక హోంవర్క్ దగ్గర పాప మీద విసుగు. పొద్దున పోయిన అరుపులు సాయంత్రానికి మారాయి అంతే.

ఇక్కడ బ్రహ్మముహూర్తం సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే 4:30 అనగానే అందరూ ఆ మాటే అంటారు. అది సూర్యోదయానికి గంటా 36 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలుంటుంది, అంటే గడియారంలో ఒక ఫిక్స్‌డ్ టైం కాదు. హైదరాబాద్‌లో జూన్ మొదట్లో 5:40 ప్రాంతంలో తెల్లారుతుంది, జనవరి మధ్యలో 6:50 దగ్గరవుతుంది. కాబట్టి ఒకప్పుడు 4:05 కి మొదలైతే ఇంకొకప్పుడు 5:15 కి. మనం మాత్రం ఏడాది పొడుగునా ఒకటే అలారం పెట్టుకుంటున్నాం. ఇంకో సంగతి, మా అమ్మమ్మ ఊళ్ళో ఉన్నప్పుడు నాలుగింటికే లేచి కళ్ళాపి చల్లేది నిజమే, కానీ ఆవిడ రాత్రి 8 కల్లా మంచమెక్కేది. లెక్క వేస్తే 8 గంటల నిద్ర. మనం ఆవిడ పొద్దున్ని తీసుకున్నాం, రాత్రిని వదిలేశాం.

మా అన్నయ్యని చూశాకే నాకిది బాగా అర్థమైంది. ఏటా అయ్యప్ప మాల వేస్తాడు. ఆ 41 రోజులూ 4 కే లేచి చన్నీళ్ళ స్నానం, పూజ, ఆఫీసు, మొహంలో ఎక్కడా అలసట కనపడదు. ఎందుకంటే సాయంత్రం పూజయ్యి 9 కల్లా చాప మీద పడుకుంటాడు, టీవీ ఉండదు, ఫ్రెండ్స్‌తో బయట తిరుగుళ్ళుండవు, వదిన వంట దగ్గర్నుంచి ఇంట్లోవాళ్ళందరి టైమింగ్స్ ఆయన కోసం మారిపోతాయి. శబరిమల వెళ్ళొచ్చి మాల తీశాక మళ్ళీ రాత్రి భోజనం 10:30 కి, లేవడం 7 కి. మనిషి అదే, పట్టుదలా అదే, మారింది రాత్రి ఒక్కటే.

సో ఇప్పుడు మేం రాత్రిని మార్చాం. 9 నుంచి 9:40 దాకా అందరం కలిసి చేసేస్తాం. బ్యాగు సర్దడం, వాటర్ బాటిళ్ళు నింపడం, షూస్ పాలిష్ మా ఆయన పని, యూనిఫాం సాక్సులు టై అన్నీ ఒకే కుర్చీ మీద పెట్టడం పాప పని, కూరగాయలు తరిగి డబ్బాలో పెట్టడం, పెసరట్టు అనుకుంటే పెసలు నానబోయడం నా పని. బెండకాయలైతే రాత్రే కడిగి గుడ్డ మీద ఆరబెట్టేస్తా, లేకపోతే పొద్దున జిగురుతో అరగంట పోతుంది. 10:15 కి లైట్లాఫ్. 6 కి లేస్తే పావు తక్కువ 8 గంటల నిద్ర, 7:20 కి ఇంకా గంటా 20 నిమిషాలుంది, ఎవరూ ఎవరి మీదా అరవక్కర్లేదు.

టిఫిన్ దగ్గర కూడా ఒక మార్పు చేశా, వారానికి రెండ్రోజులు చద్దన్నం. రాత్రి మిగిలిన అన్నంలో గోరువెచ్చని పాలు పోసి కాస్త మజ్జిగ వేసి తోడు పెట్టేస్తే పొద్దునకి రెడీ, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పాపకైతే ఆవకాయ ముక్క. స్టవ్ వెలిగించక్కర్లేదు. మొదట్లో మా ఆయన మొహం చిట్లించారు, ఇప్పుడు ఎండాకాలంలో ఆయనే అడుగుతున్నారు.

వాకింగ్ కోసం విడిగా లేవడం మానేశా. పాపని బస్సెక్కించి ఇంటికి రాకుండా అటునుంచటే పార్కు చుట్టూ తిరిగి వస్తా, ఒక 25 నిమిషాలు, శని ఆదివారాలు ఇంకాస్త ఎక్కువ. వారానికి 150 నిమిషాలు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, దాదాపు అక్కడికొచ్చేస్తుంది. 5 గంటలకి చీకట్లో నడవడం కంటే ఇదే మేలని నా నమ్మకం, ఎందుకంటే కంటికి పొద్దుటి వెలుగు పడితేనే ఒంట్లో గడియారం సెట్ అవుతుంది, రాత్రి నిద్ర కూడా టైంకొస్తుంది. ఇంట్లో ట్యూబ్‌లైట్ ఎంత వేసినా మబ్బు పట్టిన రోజు బయటుండే వెలుగులో పదో వంతు కూడా రాదు. ఈ ఒంట్లో గడియారం ఎలా పనిచేస్తుందో ఈగల మీద కనిపెట్టినందుకే 2017 లో ముగ్గురు సైంటిస్టులకి నోబెల్ కూడా ఇచ్చారు.

ఫోన్ హాల్లో చార్జింగ్ పెట్టి, అలారంకి మామూలు టేబుల్ క్లాక్ కొన్నాం. దీని గురించి ఇంకేం చెప్పను, వారం చేస్తే మీకే తెలుస్తుంది.

నాకు అసలు పరీక్ష నీళ్ళొచ్చే రోజు. మా ఏరియాలో రోజు విడిచి రోజు, 6:15 కి వదులుతారు, సంపు నిండేదాకా మోటార్ దగ్గర ఒకళ్ళుండాలి. లేదా రాత్రి పాపకి జ్వరమొచ్చి ఎవరికీ నిద్రలేని రోజు. 4:30 పద్ధతిలో అలాంటి రోజు ఒకటొస్తే మొత్తం పోయేది, మర్నాడు కూడా లేవబుద్ధి కాక ఏదో తప్పు చేసినట్టుండేది. 6 పద్ధతిలో ఆ రోజు వాకింగ్ పోతుంది, చద్దన్నం ఉంటుంది, బస్సు దొరుకుతుంది. ఒక్కరోజు తప్పితే అలవాటు పోదు కూడా, లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు 2010 లో వేసిన స్టడీలో అదే తేలింది, ఒక అలవాటు కుదరడానికి కొందరికి 18 రోజులు పడితే కొందరికి 254 రోజులు అని లెక్కొచ్చింది, సగటున 66. అలవాటుకి ఇరవై ఒక్క రోజులు చాలంటారు కదా, అన్నిరోజుల్లో కుదరలేదని బాధపడేవాళ్ళకి నేనిదే చెప్తుంటా.

4:30 అందరికీ తప్పని కాదు. మా అత్తయ్య 8:30 కి పడుకుంటారు, 4:30 కి ఆవిడకి తనంతట తనకే మెలకువొస్తుంది, ఆవిడకదే సుఖం. మా మరిది నైట్ షిఫ్ట్ చేసి రాత్రి ఒంటిగంటన్నరకి ఇంటికొస్తాడు, అతనికి పొద్దున అంటే 9 గంటలే, అప్పటిదాకా మేం మిక్సీ కూడా వేయం.

మార్చాలనుకుంటే మాత్రం అలారం జోలికి పోకండి, ముందు పడుకునే టైం మార్చండి. మేం 11 నుంచి 10:15 కి రావడానికి మూడు వారాలు పట్టింది, వారానికి ఒక పావుగంట చొప్పున.