నీళ్ల పొదుపు నేర్పాలంటే ఏది మేలు: మైకా, బడా, వీధి మీటింగా?

విజయవాడలో నీళ్లు జాగ్రత్తగా వాడమని చెప్పడం కష్టం. పక్కనే కృష్ణ, దాని మీద 1957 నుంచి ప్రకాశం బ్యారేజీ, ఊరి మధ్యలోంచి బందరు, ఏలూరు, రైవస్ కాలువలు. కళ్లెదుట ఇంత నీరుంటే పొదుపు మాట ఎవరి చెవికెక్కుతుంది? అందుకే ఏం చెప్పాలన్నదానికంటే ఎవరికి, ఎక్కడ చెప్పాలన్నది చూసుకోవాలి.

మనకు బాగా అలవాటైంది ప్రచారం. మార్చి 22న ప్రపంచ నీటి దినోత్సవం వస్తుంది, ర్యాలీ తీస్తారు, ఫ్లెక్సీ కడతారు, ఆటోకి మైకు పెడతారు. "నీటిని పొదుపుగా వాడండి" అంటే వినేవాళ్లు ఏ పని మార్చుకోవాలి? అది చెప్పరు. అయితే ఆపద వేళ మైకును మించింది లేదు. 2018లో గుంటూరులో తాగునీళ్లు కలుషితమై అతిసారం ప్రబలింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడలోని సింగ్ నగర్‌ను ముంచేసింది. అలాంటప్పుడు "కాచి చల్లార్చి తాగండి" అన్న మాట గంటల్లో ప్రతి సందుకూ చేరాలి. ఆ పనికి మైకే కావాలి.

బడి అంతకంటే నయం, వ్యాసరచన పోటీతో ఆపకపోతేనే. పిల్లలకు ఇంట్లో చేసే పని ఇవ్వాలి. కారే కుళాయి కింద చెంబు పెట్టి ఎంతసేపట్లో నిండిందో రాసుకు రమ్మనండి. సెకనుకో చుక్క కారినా రోజుకు దాదాపు ఒక బక్కెట్టు పోతుందని వాళ్లే లెక్కగడతారు. "నాయనమ్మా, కుళాయి కట్టెయ్" అని మనవరాలు అంటే ఏ నాయనమ్మ కాదంటుంది? కాకపోతే మోటారు స్విచ్ పిల్లల చేతిలో లేదు, వాషర్ మార్పించే డబ్బులూ వాళ్ల దగ్గర ఉండవు.

నా ఓటు మూడోదానికి, వీధి మీటింగుకు: అంటే ఆడవాళ్ల పొదుపు (డ్వాక్రా) సంఘాల మీటింగు, అపార్ట్‌మెంట్ మీటింగు. నీళ్లు నిజంగా ఎవరి చేతుల మీదుగా నడుస్తాయో వాళ్లు అక్కడ దొరుకుతారు. చెప్పడం కాదు, చేసి చూపించాలి. నిమిషానికి ఆరు లీటర్లు వచ్చే కుళాయి తిప్పి పది నిమిషాలు గిన్నెలు కడిగితే అరవై లీటర్లు, అంటే మనం కొనే వాటర్ టిన్నులు మూడు. అవే గిన్నెలు టబ్బులో కడిగి చూపిస్తే తేడా అందరికీ కనిపిస్తుంది. ఆర్వో మిషన్ పక్క పైపులోంచి వదిలేసే నీళ్లు చాలా ఇళ్లలో మనం తాగేవాటికంటే ఎక్కువే. ఆ పైపు బక్కెట్లో పెడితే ఇల్లు తుడవడానికి, బాత్రూమ్ కడగడానికి సరిపోతాయి. ఉప్పు ఎక్కువ కాబట్టి మొక్కలకు రోజూ పొయ్యొద్దు.

నూనె సంగతీ అక్కడే చెప్పాలి. బజ్జీలు వేయించిన నూనె సింకులో పోస్తే పైపులో పేరుకుపోతుంది, మురుగు పైకి తంతుంది. మన మురుగు చాలాచోట్ల కాలువల్లోనే కలుస్తోంది. దిగువన డెల్టా ఊళ్ల మంచినీటి చెరువులు నిండేది ఆ కాలువలతోనే. మన సింకులో పోసింది అవతలి ఊళ్లో ఒకరి బిందెలోకి వెళ్తుందంటే నాకు మనసు ఒప్పదు.

ఈ దారికీ లోపం ఉంది. అపార్ట్‌మెంట్ మీటింగుకు ఓనర్లు వస్తారు, అద్దెకుండేవాళ్లను పిలవరు. వాచ్‌మన్‌నీ, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లనీ కూర్చోబెట్టరు. ట్యాంకు పొంగితే ఆపేది వాచ్‌మన్, గిన్నెలు కడిగేది వాళ్లు! పైగా ఫ్లాటు ఫ్లాటుకూ మీటరు లేక మెయింటెనెన్సు అందరికీ సమానమైతే, పొదుపు చేసినవాళ్లకు మిగిలేదేమీ ఉండదు. కనీసం మోటారు రోజుకు ఎన్ని గంటలు ఆడిందో నోటీసు బోర్డు మీద రాయించాలి.

ఫ్లెక్సీలకయ్యే డబ్బులో సగం వార్డుల్లో ఇలాంటి మీటింగులకు మళ్లిస్తే చాలు. మొదటిది ఎండలు ముదరకముందే, కాలువలకు నీళ్లు ఆపేయకముందే పెట్టాలి.