పైథాన్‌తో పదిహేనేళ్లు: పేచీ అంతా చుక్క తర్వాతి అంకెతోనే

నేను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను 2009లో, 2.6 వెర్షన్‌తో మొదలుపెట్టాను. తెలుగు పదాల జాబితాలను అకారాదిగా పేర్చడం, పుస్తకాలకు పదసూచికలు తయారుచేయడం, ఇంతే నా పని. 3.0 అంతకు ముందటి డిసెంబరులోనే వచ్చింది. పాత ప్రోగ్రాములు అందులో నడవవని దాన్ని చేసినవాళ్లే చెప్పారు కనుక దాని జోలికి పోలేదు. అలా ఆగిపోయినవాళ్లు చాలామందే ఉన్నట్టున్నారు, 2015లో ఆపేస్తామన్న 2.7ను, అంటే పాత వరుసలో చివరిదాన్ని, 2020 దాకా మోయవలసి వచ్చింది.

చివరికి తెలుగు కోసమే మారాను. పాత పైథాన్‌ను ‘తెలుగు’ అన్న మాట పొడవు అడిగితే 18 అనేది. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, అది లెక్కపెట్టేది వాటిని. కొత్తది 6 అంటుంది: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. మన కంటికి కనిపించే మూడు కాదు, నిజమే. మాటను మధ్యలో కోస్తే ఇప్పటికీ కొమ్ము ఊడిపోవచ్చు, కానీ అక్షరం ముక్కలై పిచ్చిగీతలు రావడం మాత్రం పోయింది. నాకు ఈ ఒక్కటి చాలు.

తెరమీద చూపించే ‘ప్రింట్’ ఆదేశానికి కొత్తగా బ్రాకెట్లు పెట్టడం విసుగే తప్ప కష్టం కాదు. ఇబ్బంది పెట్టింది భాగహారం. 3ను 2తో భాగిస్తే మునుపు 1 వచ్చేది, ఇప్పుడు 1.5. ప్రోగ్రాము ఎక్కడా ఆగలేదు. పదసూచికలో ‘12.5వ పేజీ’ అని చూశాక గానీ నాకు తెలియలేదు.

ఇక మధ్య అంకె, అంటే మొదటి చుక్క తర్వాతి అంకె సంగతి. పాత ప్రోగ్రాములు నడవకుండా పోయే మార్పు చేస్తే మొదటి అంకె, కొత్త సదుపాయం చేరితే మధ్య అంకె, మరమ్మతుకు చివరి అంకె మారాలని చాలా సాఫ్ట్‌వేర్లు ఒక కట్టుబాటు పాటిస్తాయి. పైథాన్‌కు ఆ పట్టింపు లేదు. 2018లో 3.7 ‘అసింక్’ అన్న మాటను తనకే కేటాయించుకుంది, ఇక దాన్ని ఎవరూ పేరుగా పెట్టుకోకూడదు. ఆ పేరు వాడుకున్న లైబ్రరీలన్నీ (ఇతరులు రాసిపెట్టిన ప్రోగ్రాము భాగాలు) మొరాయించాయి. 2023లో 3.12, ప్రోగ్రాములను పంచడానికి మూటగట్టే ‘డిస్ట్‌యుటిల్స్’ను తీసేసింది. ముందుగా హెచ్చరిస్తారు, కాదనను. అయితే ఆ హెచ్చరికల్లో చాలావరకు మనం అడిగితే తప్ప కనిపించవు!

2021లో వచ్చిన 3.10 దగ్గర తప్పు నాదే. వెర్షన్ పేరులో మొదటి మూడు గుర్తులు తీసుకుని సరిచూసేలా రాసుకున్నాను. అది ‘3.1’ అని చదువుకుని, మరీ పాతదంటూ కొత్త పైథాన్‌ను గడప తొక్కనివ్వలేదు. దాన్ని మూడు పాయింట్ ఒకటి అని కాక మూడు, పది అని చదవాలి.

ఇప్పుడు ఏటా అక్టోబరులో కొత్తది వస్తుంది. నేను ఉగాది దాకా ముట్టుకోను. ఒక్కో వెర్షన్‌కు ఐదేళ్లు మరమ్మతులు అందుతాయి కనుక తొందర లేదు. మారే ముందు హెచ్చరికలను తప్పులుగా చూపమని చెప్పి అన్నీ ఒకసారి నడిపిస్తాను. ఇంత తిట్టినా, తెలుగు పాఠ్యంతో పని అని అడిగినవారికి దీన్నే చెబుతున్నాను.

పాత కంప్యూటర్‌లో 2.7 ఇంకా ఉంది. ఒకే ఒక్క ప్రోగ్రాము దానిమీద నడుస్తోంది. రాసింది నేనే, ఎందుకలా రాశానో మాత్రం ఎక్కడా రాసుకోలేదు.