మా సుబ్బారావుతో ఆరేళ్ళు: పాత లెగసీ జీటీ వ్యాగన్‌కి నేను చేయించినవి, మానేసినవి

2019 జూన్‌లో పిట్స్‌బర్గ్‌లో ఈ బండి కొన్నాను. 2005 మోడల్ సుబారు లెగసీ జీటీ వ్యాగన్, ఐదు గేర్ల మాన్యువల్. అప్పటికే 1,18,000 మైళ్ళు తిరిగింది. 5,200 డాలర్లు ఇచ్చాను. ఇప్పుడు మీటర్ మీద 1,71,000 ఉంది. అంటే ఇక్కడ రాసేదంతా నేను సొంతంగా నడిపిన 53,000 మైళ్ళ మాట.

రెండున్నర లీటర్ల టర్బో ఇంజిన్ (టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టేది), కంపెనీ లెక్కలో 250 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకీ పవర్. చూస్తే మాత్రం ఇండియన్ స్టోర్ నుంచి బియ్యం బస్తాలు తెచ్చుకునే బండిలా ఉంటుంది. నాకు కావాల్సింది సరిగ్గా అదే. 2007 మోడల్ తర్వాత అమెరికాలో లెగసీ వ్యాగన్ అమ్మకం ఆపేశారు కాబట్టి ఇప్పుడు దొరికేవన్నీ వయసు మళ్ళినవే.

మా ఇంట్లో దీని పేరు సుబ్బారావు. మా బావమరిది సరదాగా పెట్టిన పేరు. మా నాన్న ఒంగోలు నుంచి వచ్చినప్పుడు పెన్ హిల్స్ వేంకటేశ్వరుడి గుడి దగ్గర బండికి పూజ చేయిస్తూ, ముందున్న గుర్తులో ఆ ఆరు చుక్కలేమిటని అడిగారు. జపాన్ భాషలో సుబారు అంటే కృత్తికా నక్షత్రాలని చెప్పాను. "మరింకేం రా! కృత్తికలు పెంచిన పిల్లాడేగా సుబ్రహ్మణ్యస్వామి. సుబ్బారావు సరైన పేరే," అన్నారు. ఆ రోజు నుంచి ఇంకో పేరు పెట్టే ఆలోచన ఎవరికీ రాలేదు.

కొన్న వారంలోనే నేనొక జాబితా రాసుకున్నాను. డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటికి వెళ్ళే గొట్టం), ఇంటర్‌కూలర్ (టర్బో నెట్టిన వేడి గాలిని చల్లార్చేది), ఎయిర్ ఇన్‌టేక్, బ్లో ఆఫ్ వాల్వ్ (గేర్ మార్చినప్పుడు ఆ గాలిని బయటికి వదిలేది), స్ప్రింగులు, మొత్తం పదమూడు. మా బావమరిది అది చూసి, "బావా, ఈ డబ్బుతో ఇంకో కారు వస్తుంది కదా," అన్నాడు. నిజమే. కానీ మొదటి ఏడాది ఆ జాబితాలో ఒక్కటీ కొనలేదు. అయినా బండి పికప్ నేను ఊహించనంత పెరిగింది. ఎలాగంటే, దానిలో ఉండాల్సిన పవర్ సగం అప్పటికే కారిపోతోంది.

మూడో గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే 4,000 ఆర్‌పీఎం దాటాక నీరసంగా ఉండేది. ఒక బూస్ట్ మీటర్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి చూపేది) పెట్టి చూస్తే 8 పీఎస్‌ఐ దగ్గరే ఆగిపోతోంది. ఊళ్ళో ఒక గ్యారేజీకి తీసుకెళ్తే పది నిమిషాలు చూసి, టర్బో పోయింది, కొత్తది వేసి లేబర్‌తో కలిపి 2,300 అవుతుందన్నాడు. టర్బోని విప్పి చూశావా అంటే లేదన్నాడు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఇంటికొచ్చి నేను చేసిన పని మన ఊరి పంక్చర్ షాపువాళ్ళు చేసేదే. హార్డ్‌వేర్ షాపులో పీవీసీ మూత ఒకటి కొని, దానికి కన్నం చేసి సైకిల్ ట్యూబ్ వాల్వ్ బిగించాను. దాన్ని టర్బోలోకి గాలి వెళ్ళే గొట్టం మూతికి క్లాంపుతో పట్టించి, పంపుతో 12 పీఎస్‌ఐ దాకా గాలి కొట్టాను. గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీళ్ళు స్ప్రే చేస్తూ పోతే, ఇంటర్‌కూలర్ నుంచి ఇంజిన్‌లోకి వెళ్ళే రబ్బరు గొట్టం అడుగున నురగ పొంగింది. వేలు పెట్టి తడిమితే అంగుళం పొడవు చీలిక. పైనుంచి చూస్తే కనపడే చోటు కాదు. ఇంటర్‌కూలర్ విప్పితే దాని కింద ఉన్న క్రాంక్‌కేస్ గాలి గొట్టం కూడా ఎండిన అప్పడంలా చేతిలోనే విరిగింది. రెండు గొట్టాలు, నాలుగు క్లాంపులు కలిపి 38 డాలర్లు. మర్నాడు మీటర్ 13 దాటింది. టర్బో ఈ రోజుకీ పాతదే.

అందుకే పాత టర్బో బండి కొన్నవాళ్ళెవరైనా మొదట ఏం వేయించమంటారని అడిగితే గాలి లీక్ టెస్టే చెబుతాను. లీకున్న బండికి ట్యూన్ చేయించడమంటే (పవర్ కోసం ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడమంటే) చిల్లు కుండలో నీళ్ళు పోయడమే. పైగా ప్రమాదం కూడా. లోపలికి వెళ్ళే గాలిని సెన్సర్ ముందే కొలిచేస్తుంది. ఆ తర్వాత గాలి బయటికి పోతే, కంప్యూటర్ మాత్రం లేని గాలికి కూడా పెట్రోల్ పోస్తుంది.

రెండోది టైమింగ్ బెల్ట్. సుబారు లెక్కలో 1,05,000 మైళ్ళకి మార్చాలి. అమ్మినాయన మార్చానన్నాడు కానీ బిల్లు చూపించలేదు. ఈ ఇంజిన్‌లో బెల్ట్ తెగితే పిస్టన్లు వాల్వులని కొట్టేస్తాయి, ఇంజిన్ అక్కడితో సరి. ఐసిన్ కిట్ తెచ్చి, వాటర్ పంప్, టెన్షనర్, పుల్లీలతో సహా మార్పించాను. ఇది నేను చేయలేదు. ఎడమవైపు క్యామ్‌లు (వాల్వులని తెరిచే కడ్డీలు) స్ప్రింగ్ బలానికి ఎగిరి తిరుగుతాయని చదివాక ఆ టెన్షన్ నాకెందుకని తెలిసిన మెకానిక్‌కి ఇచ్చాను.

స్పార్క్ ప్లగ్గులు మాత్రం నేనే మార్చాను, అది మర్చిపోలేను. ఇది బాక్సర్ ఇంజిన్, సిలిండర్లు రెండు పక్కలకీ పడుకుని ఉంటాయి. ప్లగ్గులు పైన కాదు, బండి చాసిస్ గోడ వైపు ఉంటాయి. బ్యాటరీ తీసి, వైపర్ నీళ్ళ డబ్బా తీసి, చెయ్యి దూర్చాలి. డ్రైవర్ వైపు వెనకది, నాలుగో సిలిండర్‌ది, కంటికి కనపడదు. చిన్న ఎక్స్‌టెన్షన్, దానికి వంగే జాయింటు, మళ్ళీ ఇంకో ఎక్స్‌టెన్షన్, ఇలా అక్కడే ముక్క ముక్క అతికిస్తూ లోపలికి పంపాలి. మొత్తం ఒకేసారి బిగించి దూర్చబోతే గోడకి తగులుతుంది. మూడు గంటలు పట్టింది, రెండు వేళ్ళ కణుపుల మీద తోలు లేచిపోయింది. బయటికి తీసిన ప్లగ్గుల్లో రెండింటికి గ్యాప్ బాగా పెరిగిపోయి ఉంది. ఎన్‌జీకే ఇరీడియం వేశాక, బూస్ట్ ఎక్కేటప్పుడు అప్పుడప్పుడూ వచ్చే దగ్గులాంటి కుదుపు పోయింది. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే ఈ పని మొదలుపెట్టండి.

ఇక బ్యాంజో బోల్టు. ఈ తరం సుబారు టర్బోలు కొన్నవాళ్ళు తప్పకుండా చూడాల్సింది ఇది. టర్బోకి ఆయిల్ మోసుకెళ్ళే సన్నటి గొట్టం కుడివైపు సిలిండర్ హెడ్ వెనక మొదలవుతుంది. దాన్ని పట్టి ఉంచే బోలు బోల్టులో చిటికెన వేలి గోరంత జల్లెడ ఉంటుంది. ఆయిల్ సమయానికి మార్చకపోతే మసి కట్టి ఆ జల్లెడ పూడుకుపోతుంది. అప్పుడు టర్బోకి ఆయిల్ అందదు, షాఫ్ట్ విరుగుతుంది, ఆ ఇనప రజను ఇంజిన్ బేరింగుల్లోకి పోతుంది. నాది విప్పి అరచేతిలో పెట్టుకుంటే, డికాక్షన్ ఫిల్టర్ అడుగున మిగిలిన పొడిలా నల్లటి ముద్ద సగం దాకా ఉంది. వెలుతురుకి ఎదురుగా పెడితే ఒక పక్క నుంచే కాంతి వచ్చింది. కొందరు ఆ జల్లెడని పీకి పారేస్తారు. నేను కొత్తది వేసి రెండేళ్ళకోసారి మారుస్తున్నాను. వాషర్లు కూడా ప్రతిసారీ కొత్తవే వేయాలి.

ఆయిల్ విషయానికొస్తే షెల్ రోటెల్లా టీ6, 5డబ్ల్యూ-40 వాడుతున్నాను. 3,500 మైళ్ళకోసారి మార్పు. మధ్యలో 1,500 మైళ్ళకి దాదాపు ఒక క్వార్ట్ తాగేస్తుంది. ఇంత తక్కువ ఆయిల్ పట్టే ఇంజిన్‌కి అది చిన్న సంగతి కాదు. రెండు సార్లు పెట్రోల్ కొట్టించినప్పుడల్లా చూడాల్సిందే. డిప్‌స్టిక్ రెండు పక్కలా రెండు లెక్కలు చూపిస్తుంది. పొద్దున్నే, బండి తీయకముందు చూసి, తక్కువ చూపిన వైపునే నమ్మండి.

ఇవన్నీ అయ్యాక, 2020లో, కాబ్ యాక్సెస్‌పోర్ట్ కొన్నాను. ఇంజిన్ కంప్యూటర్‌లోకి కొత్త సెట్టింగులు, వాళ్ళ మాటలో మ్యాప్, ఎక్కించే చేతి పరికరం ఇది. సెకండ్ హ్యాండ్‌లోనే. ఒక జాగ్రత్త: ఈ పరికరం ఒకసారికి ఒక్క కారుతోనే పనిచేస్తుంది. వాళ్ళ భాషలోనే అది పెళ్ళి. పాత ఓనరు తన బండితో విడాకులు ఇప్పించకుండా అమ్మితే అది మీ చేతిలో ఉత్త డబ్బా. మొదటి మెట్టు మ్యాప్‌కి, అంటే స్టేజ్ 1కి, వేరే పార్టులేమీ అక్కర్లేదు. ఇక్కడ పెన్సిల్వేనియాలో 93 ఆక్టేన్ పెట్రోల్ దొరుకుతుంది కాబట్టి ఆ మ్యాప్ ఎక్కించాను. పడమటి రాష్ట్రాల్లో చాలాచోట్ల ప్రీమియం అంటే 91 మాత్రమే, అలాంటి చోట ఉన్నవాళ్ళు 91 మ్యాపే వాడాలి.

తేడా? పైన ఆర్‌పీఎంలో కన్నా మధ్యలో ఎక్కువ తెలిసింది. న్యూజెర్సీ వెళ్ళేటప్పుడు టర్న్‌పైక్ మీద కొండలెక్కడానికి ఇదివరకు నాలుగో గేర్‌కి దిగేవాణ్ణి. ఇప్పుడు ఐదులోనే, వెనక నలుగురి సామాను ఉన్నా, ఎక్కుతుంది. యాక్సిలరేటర్ తొక్కాక బండి ఆలోచించుకునే అలవాటు కూడా తగ్గింది. పెట్టిన డబ్బుకి ఇంత ఫలితం ఇచ్చిన పెర్ఫార్మెన్స్ పార్టు ఇదొక్కటే.

అయితే నాకు దీని అసలు ఉపయోగం స్పీడు కాదు, స్క్రీన్ మీద కనిపించే ఒక అంకె. దాన్ని డైనమిక్ అడ్వాన్స్ మల్టిప్లయర్ అంటారు. అది 1 ఉంటే ఇంజిన్ క్షేమం. తగ్గిందంటే లోపల నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి పేలడం) వస్తోందని కంప్యూటర్ భయపడి, ప్లగ్గు నిప్పురవ్వ టైమింగ్ వెనక్కి లాగుతోందని అర్థం. ఒకసారి ప్రయాణంలో పెట్రోల్ కొట్టించిన రెండు గంటలకి 0.75కి పడింది. ఆ ట్యాంకు అయ్యేదాకా బూస్ట్ జోలికి పోకుండా నడిపి, తర్వాత మంచి పెట్రోల్ నింపితే మళ్ళీ 1కి వచ్చింది. ఆ అంకె చూసుండకపోతే అదే కొండల మీద కాలు బలంగా తొక్కేవాణ్ణే. ఈ ఇంజిన్‌లో పిస్టన్ రింగుల గట్లు విరగడం ఎంత మామూలో తెలిసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు.

డౌన్‌పైప్ వేయలేదు. మా కౌంటీలో ప్రతి ఏడాదీ ఎమిషన్స్ పరీక్ష ఉంది, పాత డౌన్‌పైప్‌తో పాటు ఉండే క్యాటలిస్ట్ (పొగని శుభ్రం చేసేది) తీసేయడం ఫెడరల్ చట్టానికి కూడా విరుద్ధమే. ఇంకో సంగతి: పరీక్షకి రెండు రోజుల ముందు మ్యాప్ మార్చకండి. నేను మార్చి వెళ్తే, బండి కంప్యూటర్‌లో మానిటర్లు (ఎమిషన్స్ భాగాలని అది తనంతట తాను చేసుకునే పరీక్షలు) ఇంకా సిద్ధం కాలేదని వెనక్కి పంపారు. వారం రోజులు మామూలుగా తిప్పి మళ్ళీ వెళ్ళాల్సొచ్చింది.

బ్లో ఆఫ్ వాల్వ్ కొన్నాను, ఒప్పుకుంటాను. గేర్ మార్చినప్పుడల్లా బుస్సుమనే శబ్దం కోసం 140 డాలర్లు. ముందే కొలిచిన గాలిని అది బయటికి వదిలేస్తుంది కాబట్టి, గేర్ మార్చిన ప్రతిసారీ పెట్రోల్ ఎక్కువై బండి తడబడేది. మా ఆవిడ మొదటి రోజే, "దీనికి జలుబు చేసిందా?" అంది. రెండు వారాలకి పాతది పెట్టేశాను. ఇంకా గ్యారేజీ అరలోనే ఉంది, ఎవరికైనా కావాలంటే.

వెనక లావుపాటి స్వే బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా పట్టే కడ్డీ) మాత్రం వేయించుకోండి. వ్యాగన్ మలుపులో పక్కకి ఒరిగి బద్ధకంగా తిరిగే గుణం అరపూటలో పోతుంది. టైర్ల విషయంలో పిసినారితనం కుదరదు. నాలుగింటి చుట్టుకొలతల మధ్య పావు అంగుళం కన్నా తేడా ఉండకూడదని సుబారు నియమం, లేకపోతే ముందు, వెనక చక్రాలకి పవర్ పంచే మధ్య డిఫరెన్షియల్ దెబ్బతింటుంది. ఒక మేకు గుచ్చుకుని నేను నాలుగు టైర్లు కొన్నాను.

టర్బో చల్లారాలని ఆపేముందు రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచమని ఇండియా నుంచి అందరూ చెబుతుంటారు. దీని టర్బోకి కూలెంట్ కూడా వెళ్తుంది, ఇంజిన్ ఆపినా ఆ వేడికే కాసేపు తిరుగుతూ ఉంటుంది. నేను ఆఖరి మైలు మెల్లగా నడుపుతాను, అంతే.

ఇప్పుడు ఎలా ఉందంటే, ఇంజిన్ బాగుంది, మైలేజీ హైవే మీద 25 దాకా వస్తుంది, ఊళ్ళో 18 వస్తే సంతోషం. క్లచ్ నాలుగో గేర్‌లో ఎత్తు ఎక్కేటప్పుడు జారడం మొదలైంది. ఈ ఊళ్ళో 37 శాతం వాలున్న కాంటన్ ఎవెన్యూ లాంటి వీధులున్నాయి కాబట్టి అది ఎక్కువ రోజులు ఆగేలా లేదు. దానికన్నా నన్ను భయపెడుతున్నది తుప్పు. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకి వెనక చక్రాల పైన రేకు తినేసింది. ఎడమవైపు గట్టిగా నొక్కితే బొటనవేలు లోపలికి దిగుతోంది. క్లచ్ కిట్ ఆర్డర్ పెట్టాను, వెల్డింగ్ అతనికి అడ్వాన్స్ ఇచ్చాను. మా బావమరిది మళ్ళీ ఆ పాత మాటే అన్నాడు. పోయిన నెల ఇల్లు మారినప్పుడు మాత్రం తాళాలడిగి మూడు రోజులు తిప్పుకున్నాడు, ట్యాంకు ఖాళీగా తిరిగిచ్చాడు.