పది మీటర్ల తెరచాప పడవలో ఎంతమంది పడతారు? అయోనియన్ దీవుల్లో మా రెండు యాత్రలు

అద్దె ప్రకటనలో ‘3 కేబిన్లు, పడకలు 6+2’ అని చూసి మేం ఆరుగురం బయల్దేరాం. మూడు కేబిన్లలో ఇద్దరేసి చొప్పున ఆరుగురు, మధ్యలో ఉన్న టేబుల్ కిందికి దించితే ఇంకో ఇద్దరు. లెక్క సరిపోయిందనుకున్నాం. 2022 సెప్టెంబరులో ఆరుగురితో ఒక వారం, 2024 జూన్‌లో అంతే పొడవున్న పడవలో నలుగురితో ఒక వారం గడిపాం. రెండుసార్లూ వెళ్ళింది గ్రీసు పడమటి తీరంలోని అయోనియన్ దీవులకే, పడవ ఎక్కింది లెఫ్కాదా దీవిలోని మరీనాలోనే, అంటే విహార పడవల రేవులోనే. అందుకే రెండు వారాలనూ పక్కపక్కన పెట్టి చూడగలుగుతున్నాను.

మేం ఇంగ్లండ్‌లో ఉంటాం. మా ఆయన సోలెంట్ జలసంధిలో రాయల్ యాటింగ్ అసోసియేషన్ వారి డే స్కిప్పర్ కోర్సు, అంటే పడవను సొంతంగా నడపడం నేర్పే కోర్సు చేశారు. నేను అంతకంటే కింది స్థాయిదైన కాంపిటెంట్ క్రూ కోర్సు చేశాను. గ్రీసులో పడవను మనమే నడుపుకోవాలంటే ఒకరికి లైసెన్సు, తోడుగా అనుభవం ఉన్న ఇంకొకరు కావాలి. ఆ రెండో మనిషిగా సంతకం పెట్టింది నేను. లైసెన్సు లేకపోయినా వెళ్ళొచ్చు, పడవ నడిపే స్కిప్పర్‌ని కూడా అద్దెకు తీసుకోవచ్చు. కానీ ఆయన కూడా మన పడవలోనే పడుకుంటాడు, మన వంటే తింటాడు. పడకలు లెక్కపెట్టేటప్పుడు ఆయనను మర్చిపోకండి.

మొదటిసారి మాతో హైదరాబాదు నుంచి అక్క, బావగారు, ఇంజనీరింగ్ చదువుతున్న వాళ్ళబ్బాయి వచ్చారు. మేం ముగ్గురం, మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్ళు. ప్రెవెజా దగ్గరి ఆక్తియో విమానాశ్రయం నుంచి లెఫ్కాదాకు టాక్సీలో అరగంట. ఊరి మొదట్లో నీటిమీద తేలే వంతెన ఉంది, పడవలు దాటడానికి గంటకోసారి తెరుస్తారు. మేం వెళ్ళేసరికి అది తెరిచి ఉంది. పిల్లలు కారు దిగి, దాటుతున్న తెరచాప పడవలను లెక్కపెట్టారు. మరీనాలో మా పడవ చూడగానే అక్క నా చెయ్యి పట్టుకుని, “ఏమే, దిండిలో హౌస్‌బోటులా ఉంటుందనుకున్నానే. ఇందులో ఆరుగురమా?” అంది. నేను ముందే వివరంగా చెప్పి ఉండాల్సింది.

పడవ పొడవు పది మీటర్లు, వెడల్పు మూడున్నర. లోపలికి నాలుగు మెట్లు దిగితే ఒక పక్క వంటగట్టు, ఇంకో పక్క టాయిలెట్, మధ్యలో టేబుల్, బెంచీలు. ముందువైపు ఒక కేబిన్, వెనకవైపు రెండు. ఒక్కో కేబిన్‌లో ఉండేది ఒకే పరుపు. అంటే మూడు కేబిన్లు మూడు జంటలకు పనికొస్తాయి కానీ వేర్వేరుగా పడుకోవాల్సిన ఆరుగురికి కాదు. పంతొమ్మిదేళ్ళ అబ్బాయిని, పదకొండేళ్ళ అమ్మాయిని ఒకే పరుపు మీద పడుకోబెట్టలేం కదా. అక్కావాళ్ళకు ముందు కేబిన్ ఇచ్చి, నేనూ అమ్మాయీ ఒక వెనక కేబిన్‌లో, మా ఆయనా అక్క కొడుకూ రెండో దాంట్లో సర్దుకున్నాం. రెండో రాత్రి నుంచి మా ఆయన పైన కాక్‌పిట్‌లో, అంటే చుక్కాని దగ్గర బయట కూర్చునే చోట, చాప వేసుకుని పడుకున్నారు.

వెనక కేబిన్ల గురించి చెప్పాలి. అవి కాక్‌పిట్ కింద ఉంటాయి. తల దగ్గర లేచి కూర్చోవచ్చు కానీ కాళ్ళ వైపు కప్పు చాలా కిందికి ఉంటుంది. నిలబడే చోటు ఒక్కరికే. పక్కనే ఇంజన్. సాయంత్రం రేవు చేరేదాకా ఇంజన్ నడిస్తే ఆ వేడి రాత్రి పదింటిదాకా తగ్గదు. ముందు కేబిన్‌కు మాత్రం నెత్తిమీద తలుపులాంటి కిటికీ ఉంది. లంగరు వేసినప్పుడు పడవ గాలికి ఎదురుగా తిరుగుతుంది కాబట్టి గాలి నేరుగా లోపలికి వస్తుంది. పెద్దవాళ్ళకు ముందు కేబిన్ ఇవ్వడం మంచిదైంది.

అన్నిటికంటే పెద్ద సమస్య పొద్దుటిపూట. టాయిలెట్ ఒక్కటే. చేత్తో పంపు కొట్టాలి, ఒక్కొక్కరూ పదిహేను ఇరవైసార్లు. కాగితం అందులో వెయ్యకూడదు, పక్కన బుట్టలో వెయ్యాలి. స్నానం కూడా అక్కడే, చేతికొళాయి లాగి పట్టుకుని. ఆరున్నరకు మొదలైన వరస తొమ్మిదింటికి గానీ అయ్యేది కాదు. లోపల ఒకరుంటే బయట మెట్ల దగ్గర ఇంకొకరు, వంటగట్టు ముందు కాఫీ కలుపుతూ నేను. ఎవరు కదలాలన్నా ఇంకొకరు తప్పుకోవాల్సిందే.

నీళ్ళ లెక్క కూడా ఇంతే. ట్యాంకు సుమారు రెండు వందల లీటర్లు. ఆరుగురికి పంచితే మనిషికి ముప్పై మూడు. గిన్నెలు, కూరగాయలు, స్నానాలు అన్నీ అందులోనే. రెండో రోజు సాయంత్రానికే పంపు గాలి పీల్చుతున్న చప్పుడు చేసింది. అప్పటినుంచి రోజూ నీళ్ళున్న రేవుకే వెళ్ళాల్సి వచ్చింది. నీలంగా నిశ్శబ్దంగా ఉండే చిన్న కోనల్లో లంగరు వేసి రాత్రి ఉండాలని వచ్చాం, ఒక్క రాత్రి మాత్రమే ఉండగలిగాం. నాకు అన్నిటికంటే బాధ కలిగింది ఈ విషయంలోనే.

నాలుగో రోజు ఇతకా దీవిలోని కియోనిలో టాయిలెట్ పంపు బిగుసుకుపోయింది. అద్దెకిచ్చిన సంస్థకు ఫోన్ చేస్తే మర్నాడు మధ్యాహ్నం మెకానిక్ వస్తాడన్నారు, అదీ మేం లెఫ్కాదా దీవికి తిరిగొస్తే. ఆరుగురికి దాదాపు ఇరవై గంటలు టాయిలెట్ లేదు. బావగారికి షుగర్ ఉంది, రాత్రి రెండుమూడుసార్లు లేవాలి. ఆయన ఒక్క మాట అనలేదు. కానీ ఆ రాత్రి ఆయన మంచినీళ్ళు తాగడం మానేశారని అక్క మర్నాడు చెబితే నాకు కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి. ఇంతమందిని తీసుకొచ్చి ఒక్క పంపు మీద ఆధారపడేలా చేశాం అని మా ఆయన కూడా బాధపడ్డారు. తెల్లారగానే బయల్దేరి లెఫ్కాదా దక్షిణాన ఉన్న సివోటా చేరాం. అక్కడ హోటళ్ళవాళ్ళు నీళ్ళలోకి వేసిన చెక్క వంతెనలకు పడవ కట్టుకోవచ్చు, స్నానాల గదులు కూడా ఉన్నాయి. మెకానిక్ కారులో వచ్చి అరగంటలో బాగుచేశాడు. అతని పని మీద ఫిర్యాదు లేదు. అంతదూరం మేమే రావాల్సి వచ్చిందనే ఫిర్యాదు. ఎక్కువమంది ఉంటే మొదటి రెండు రాత్రులు రోడ్డున్న చోటే గడపండి. పడవలో లోపాలుంటే ఆ రెండు రోజుల్లోనే చాలావరకు బయటపడతాయి.

కియోని మాత్రం చాలా అందమైన చోటు. రేవు ముఖద్వారంలో మూడు పాత గాలిమరల శిథిలాలు, లోపల కొండవాలున ఇళ్ళు. పడవలు కట్టే గట్టు చిన్నది, తొందరగా నిండిపోతుంది. మిగతావాళ్ళు లంగరు వేసి, ఒడ్డున రాళ్ళకు తాడు కట్టి, చిన్న రబ్బరు పడవలో ఒడ్డుకు వెళ్ళాలి. ఆ రబ్బరు పడవలో ముగ్గురికి మించి ఎక్కలేం. భోజనానికి వెళ్ళాలంటే రెండు ట్రిప్పులు, రావాలంటే రెండు. చీకట్లో మొదటి ట్రిప్పుకు పిల్లలను పంపాలా, పెద్దవాళ్ళనా అన్నది కూడా ఆలోచించాల్సిందే.

ఆరుగురికి బాగా కుదిరిన రేవు మెగనీసి దీవిలోని స్పార్తోఖోరి. కింద తావెర్నాలో (గ్రీకు భోజనశాలలో) భోంచేస్తే వాళ్ళ వంతెనకు పడవ కట్టుకోవచ్చు. తాళ్ళు ముందే నీళ్ళలో వేసి ఉంటాయి, లంగరు దించే టెన్షన్ లేదు. మెట్లదారిలో పైకెక్కితే ఊరు, అక్కడినుంచి సముద్రం. కలమోస్ దీవిలో తావెర్నా యజమాని స్వయంగా గట్టుమీద నిలబడి ఒక్కో పడవనూ ఎక్కడ కట్టాలో చూపిస్తాడు. కంగారులో ఉన్న కొత్తవాళ్ళకు అంతకంటే మంచి సేవ ఉండదు. ఆ దీవి దక్షిణాన పోర్ట్ లియోన్ అనే ఊరు 1953 భూకంపం తర్వాత ఖాళీ అయిపోయింది. ఆ గోడల మధ్య నడవడానికి ఒక గంట పెట్టుకోండి. కెఫలోనియా దీవిలో ఎక్కువ ఊళ్ళు అదే భూకంపంలో కూలిపోతే ఫిస్కార్దో అనే ఊళ్ళో పాత ఇళ్ళు చాలావరకు నిలిచాయి, అందుకే అక్కడ జనం ఎక్కువ. మధ్యాహ్నంలోపు చేరకపోతే గట్టు దొరకదు.

గాలి సంగతి. ఈ దీవుల మధ్య పొద్దున సముద్రం కదలదు, మధ్యాహ్నం తర్వాత వాయవ్యం నుంచి మయిస్త్రో అనే గాలి వీస్తుంది. పడవ ఒరిగి పరుగు తీస్తుంటే ఎంత బాగుంటుందో చెప్పలేను. కానీ చుక్కాని దగ్గర ఒకరు, తెర తాళ్ళ దగ్గర ఒకరు పనిచేస్తుంటే మిగతా నలుగురు వాళ్ళకు అడ్డం రాకుండా కూర్చునే చోటు కాక్‌పిట్‌లో లేదు. తెర దిశ మార్చిన ప్రతిసారీ ఆరుగురూ లేచి అటువాళ్ళు ఇటు జరగాలి. అక్క కిందికి వెళ్ళి పడుకుంటే వెంటనే వాంతులయ్యాయి. పైన గాలిలో, దూరంగా ఉన్న కొండ మీద చూపు పెట్టి కూర్చుంటేనే తగ్గుతుంది. పైన చోటు ఉంటేనే కదా కూర్చోవడం.

రెండోసారి మా ముగ్గురితో మా ఆడపడుచు వచ్చింది. ఈసారి మా ఆయన ప్రతి పడవ నక్షా అడిగి తెప్పించుకున్నారు. అదే పొడవులో రెండు కేబిన్ల పడవ దొరికింది. రెండో వెనక కేబిన్ ఉండాల్సిన చోట పెద్ద సామాన్ల అర, దానివల్ల టాయిలెట్ కూడా వెడల్పుగా ఉంది. బ్యాగులు, తాళ్ళు, ఉల్లిపాయల సంచీ అన్నీ ఆ అరలోకి వెళ్ళిపోయాయి. మొదటిసారి ఇవే సామాన్లు రాత్రి బెంచీ మీద, పగలు పరుపు మీద ఉండేవి. గట్టి సూట్‌కేసులు తేవద్దు, మడత పెట్టగలిగే సంచులే తెండి, పెట్టెలు పెట్టే చోటు ఏ పడవలోనూ ఉండదు.

నలుగురికి నీళ్ళు మూడు రోజులు వచ్చాయి. అట్లా రెండు రాత్రులు వరసగా కోనల్లో ఉండిపోయాం. రెండు బర్నర్ల స్టవ్ మీద మూడు లీటర్ల కుక్కర్ ఒక్కసారి పెడితే అందరికీ అన్నం అయ్యేది. ఆరుగురికి రెండుసార్లు పెట్టాల్సి వచ్చేది, రెండోది దిగేసరికి మొదటిది చల్లారిపోయేది. ఆ స్టవ్ ఊయలలా వేలాడుతుంది, పడవ ఒరిగినా గిన్నె ఒరగదు. మా ఆడపడుచు అది చూసి ప్రతి పూటా వంట తనే చేసింది. టేబుల్ చుట్టూ నలుగురం మోచేతులు తగలకుండా కూర్చుని పప్పూ ఆవకాయా అన్నం తింటుంటే, అక్క ఇక్కడ ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఒక సంఖ్య గురించి పొరబడొద్దు. ఐరోపాలో అమ్మే పడవలకు సీఈ ప్లేటు, అంటే అక్కడి ప్రమాణాలకు సరిపోతుందని చెప్పే పలక ఉంటుంది. బీ కేటగిరీ అంటే బోఫోర్ట్ గాలి కొలతలో ఎనిమిదో నంబరు దాకా, నాలుగు మీటర్ల అలలదాకా తట్టుకునేది. దాని పక్కన ఎంతమంది ఎక్కవచ్చో రాస్తారు. అది పడవ భద్రతకు సంబంధించిన గరిష్ఠ సంఖ్య. హాయిగా ఉండటం గురించి అది ఏమీ చెప్పదు. సోలెంట్‌లో కోర్సు చెప్పినాయన పడవలవాళ్ళ మాట ఒకటి చెప్పారు: చిన్న పడవలో ఆరుగురు కూర్చుని పానీయం తాగొచ్చు, నలుగురు భోంచేయొచ్చు, పడుకోవాల్సింది ఇద్దరే. ఇద్దరే అనడం మరీ తక్కువ అని నా అభిప్రాయం. తొమ్మిది మీటర్ల పడవలో ఇద్దరు పెద్దవాళ్ళు, చిన్నపిల్లలుంటే ఇంకో ఇద్దరు. పది, పదకొండు మీటర్లలో నలుగురు. ఆరుగురు పెద్దవాళ్ళు ఉంటే పన్నెండు మీటర్లకు తక్కువ వద్దు, రెండు టాయిలెట్లు లేకపోతే అసలే వద్దు. జంట పడవల్లా ఉండే కాటమరాన్‌లో చోటు ఎక్కువే కానీ అద్దె, మరీనా ఖర్చు రెండూ పెరుగుతాయి, ఇరుకు గట్టున చోటు కూడా కష్టం. వారం అద్దె అంటే శనివారం సాయంత్రం పడవ ఇచ్చి శుక్రవారం సాయంత్రానికి వెనక్కి రమ్మంటారు. ఆ ఆరు రోజుల్లో నీళ్ళకోసం ఎన్ని రోజులు పోతాయో కూడా చూసుకోవాలి.

వచ్చే ఏడాది అక్కావాళ్ళతో మళ్ళీ వెళ్ళాలని పదమూడు మీటర్ల పడవల నక్షాలు చూస్తున్నాం. బావగారికి ఫోన్ చేసి చెప్పాను, ముందు కేబిన్ మీదే, దానికి సొంత టాయిలెట్ ఉంటుంది అని. ఆయన కాసేపు ఆగి, “అయితే స్పార్తోఖోరిలో ఈసారి రెండు రోజులు ఉందామమ్మా” అన్నారు.